కొవ్వాడకి రియాక్టరు రాలేదు, రాజాం కంపెనీ మాలే నుంచి వచ్చేసింది

ఉత్తరాంధ్రకి విదేశీ పెట్టుబడి రావాలంటే ఏం కావాలని మా విజయనగరంలో ఎవర్ని కదిపినా ఒకటే జాబితా చదువుతారు. పక్కనే పోర్టు ఉంది, హైవే ఉంది, భోగాపురం విమానాశ్రయం ఉంది, భూమి ఉంది, చదువుకున్న పిల్లలున్నారు, ఇక నాయకులు కాస్త చొరవ చూపిస్తే చాలంటారు. 2025 అక్టోబరులో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతారని ప్రకటన వచ్చాక ఈ జాబితా చదివేవాళ్ల గొంతు ఇంకా పెరిగింది. జాబితాతో నాకు పేచీ లేదు. కాకపోతే అందులో ఒకటి ఎప్పుడూ ఉండదు. రేపు గొడవొస్తే ఎవరి మాట చెల్లుతుంది, ఎన్నాళ్లకి చెల్లుతుంది, నష్టం ఎవరు కడతారు? డబ్బు పెట్టేవాడి దేశంలో ఈ ప్రశ్నలకి ఒక జవాబుంటుంది, మన దగ్గర ఇంకో జవాబుంటుంది. ఆ రెండు జవాబులకీ మధ్య ఉన్న దూరం దగ్గరే చాలా ఒప్పందాలు ఆగిపోతున్నాయి.

ఆ దూరం ఎంత తగ్గితే అంత మంచిదని బిజినెస్ పేజీల్లో రాసేవాళ్లు తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అందులో కొంత మన బద్ధకం వల్ల వచ్చింది. కొంత మాత్రం మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుని సంపాదించుకున్న రక్షణ. రెండిటినీ ఒకే చీపురుతో ఊడ్చేస్తామంటేనే నాకు అభ్యంతరం.

ముందు బద్ధకం సంగతి చూద్దాం. నేను పనిచేసేది ఒక ఆడిటర్ ఆఫీసులో. మా క్లయింటు ద్వారా ఒక విదేశీ కంపెనీ మనుషులు నెల్లిమర్ల వైపు ప్రైవేటు భూమి చూడటానికి వస్తే, కాగితాల సంచీ పట్టుకుని వెంట వెళ్లాను. అమ్మేవాళ్లు ముగ్గురన్నదమ్ములు. బల్ల మీద ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పట్టిక), లింకు డాక్యుమెంట్లు, అడంగల్, 1-బి లాంటి రెవెన్యూ రికార్డులు, పొలం కొలతల పటం (ఎఫ్‌ఎంబీ) నకలు, సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో లేదని తీసిన ప్రింటు, అన్నిటికన్నా పైన వకీలుగారి లీగల్ ఒపీనియన్. వచ్చినవాళ్లలో ఒకావిడ సింగపూర్‌లో పనిచేసిన మనిషి. ఒక్కో కాగితం ఓపిగ్గా తిప్పి, "వీటిలో ఆఖరి కాగితం ఏది?" అని అడిగింది. దేన్ని చూపిస్తే ఇంకెవరూ నోరెత్తలేరో అది చూపించండి అని ఆవిడ ఉద్దేశం. వకీలుగారు గొంతు సవరించుకుని, అలా ఒకటంటూ ఉండదమ్మా, అన్నీ కలిపి చూసుకోవాలి అన్నారు. "మరి తప్పని తేలితే డబ్బు ఎవరిస్తారు? ప్రభుత్వమా?" అంది. ఎవరూ ఇవ్వరు. అన్నదమ్ముల్లో పెద్దాయనకి ఈ రగడంతా విడ్డూరంగా తోచింది. "కాయితంలో ఏటుంటే ఏటి బాబూ, మా తాత కాడ్నుంచి మేమే దున్నుతున్నాం. ఊర్లో ఎవుర్నడిగినా సెప్తారు" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. మన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఫలానావాడు ఫలానావాడికి అమ్మాడని నమోదు చేస్తుందంతే. అమ్మినవాడికి అసలు హక్కుందా అని పూచీ పడదు. సింగపూర్, ఆస్ట్రేలియాల్లో ఉన్నది టోరెన్స్ పద్ధతి. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైంది. అక్కడ రిజిస్టరులో ఎవరి పేరుంటే వాళ్లదే భూమి, పొరపాటు జరిగితే పరిహారం సర్కారు చూసుకుంటుంది. మన పెద్దాయన పూచీ ఊరు. ఊరంతా సాక్ష్యం చెబుతుంది కనుక ఆయనకి కాగితంతో పనిలేదు. ఆ సాక్ష్యం సింగపూర్‌లో కూర్చున్న బోర్డుకి ఎందుకూ పనికిరాదు. ఆ కొనుగోలు జరగలేదని వేరే చెప్పక్కర్లేదు.

మన రాష్ట్రం ఆ పద్ధతికి మారబోయింది కూడా. 2022లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం చేశారు, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. భూ తగాదాలని సివిల్ కోర్టుల చేతిలోంచి తీసి అధికారుల చేతిలో పెట్టేసరికి వకీళ్లు విధులు బహిష్కరించారు, రైతులు భయపడ్డారు, 2024 ఎన్నికల్లో అదే పెద్ద అంశమైంది, ప్రభుత్వం మారగానే రద్దయింది. నన్నడిగితే భూమికి పూచీ ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ పాసుపుస్తకం మీదా, సర్వే రాయి మీదా ముఖ్యమంత్రి బొమ్మ వేసుకునే సర్కారు వచ్చి "నీ భూమి ఎవరిదో మా ఆఫీసరు తేలుస్తాడు, కోర్టుకి పోనక్కర్లేదు" అంటే ఎవడు నమ్ముతాడు? బయటివాడి నమ్మకం కోసం చేసే మార్పుని ముందు ఇక్కడివాళ్లు నమ్మాలి.

ఈ దూరాల మీద లెక్కలు కట్టినవాళ్లున్నారు. ఫ్రెంచి ఆర్థికవేత్త ఆన్యెస్ బెనాసీ-కేరే మరో ఇద్దరితో కలిసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, వ్యవస్థలు బాగున్న దేశానికి పెట్టుబడి ఎక్కువ వస్తుందని, ఇచ్చే దేశానికీ పుచ్చుకునే దేశానికీ వ్యవస్థల్లో తేడా పెరిగేకొద్దీ తగ్గుతుందని తేలింది. అల్వారో క్యూర్వో-కాజుర్రా 2006లో ఇంకో తమాషా చూపించాడు. పరాయి దేశంలో లంచమిచ్చినా శిక్ష పడే దేశాల కంపెనీలు లంచాల దేశానికి రావటం తగ్గిస్తాయి. సొంత ఊళ్లోనే చేయి తడపడం అలవాటైన కంపెనీలు మాత్రం ఇంకాస్త ఎక్కువే వస్తాయి. మన నాయకులు ఎన్ని వేల కోట్లొచ్చాయో చెబుతారు గానీ ఎలాంటి అలవాట్లున్న చోటి నుంచి వచ్చాయో చెప్పరు. చెప్పడం కష్టం కూడా. మన దేశపు లెక్కల్లో సింగపూర్, మారిషస్ ఏళ్ల తరబడి పై వరసలో ఉన్నాయంటే ఆ డబ్బంతా అక్కడ పుట్టిందని కాదు. పన్ను ఒప్పందాల వల్లా, తెలిసిన చట్టాల వల్లా అసలు యజమానులు ఆ దారిన వస్తారు.

మనవాళ్లు అవతలి వైపు నిలబడ్డ కథ ఒకటుంది, మన జిల్లాదే. రాజాంలో జనపనార మిల్లుతో మొదలైన జీఎంఆర్ 2010లో మలేసియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని 25 ఏళ్లకి తీసుకుంది. సుమారు 51 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. టెండరు వ్యవహారంలో సలహాదారు ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ. ఒప్పందానికి ఇంగ్లండు చట్టం, తగాదాలకి సింగపూర్‌లో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తుల తీర్పు. కాగితం మీద ఇంతకన్నా గట్టిగా రాసుకోవడం ఎవరికీ చేతకాదు.

ఒప్పందంలో దేశం విడిచి వెళ్లే ప్రయాణికుడి దగ్గర 25 డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేసుకోవచ్చని ఉంది. 2011 డిసెంబరులో అక్కడి సివిల్ కోర్టు అది చెల్లదంది. పార్లమెంటు ఆమోదం లేని వసూలు కదా మరి. ఆ లోటుని ప్రభుత్వం తన వాటాలోంచి సర్దుతానంది. రెండు నెలలు తిరక్కుండా, 2012 ఫిబ్రవరిలో, ఒప్పందం చేసిన అధ్యక్షుడు నషీద్ దిగిపోయాడు. కొత్త ప్రభుత్వం ఆ సర్దుబాటు కుదరదంది. నవంబరు వచ్చేసరికి ఒప్పందం మొదట్నుంచీ చెల్లదని ప్రకటించి, ఖాళీ చేయడానికి ఏడు రోజులు గడువిచ్చింది. సింగపూర్ హైకోర్టు ముందు స్టే ఇచ్చింది గానీ, పై కోర్టు దాన్ని ఎత్తేసింది. సొంత విమానాశ్రయాన్ని వెనక్కి తీసుకునే అధికారం ఒక దేశానికి ఉందని, తప్పయితే తర్వాత పరిహారం కట్టాల్సి ఉంటుందని దాని తీర్పు. 2014లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ఒప్పందం సక్రమమేనని తేల్చింది. 2016లో దాదాపు 27 కోట్ల డాలర్లు వచ్చాయి.

అప్పట్లో మన పత్రికలు దీన్ని రాజకీయ కుట్రగా రాశాయి. అధ్యక్షుడి మార్పు, భారత వ్యతిరేక ఊపు, అవన్నీ నిజమే. నాకు మాత్రం ఆ 25 డాలర్ల దగ్గరే కథ తెలిసిపోతుంది. ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాల్లో ప్రయాణికుడి మీద అభివృద్ధి రుసుము వేయడం ఆ కంపెనీకి అలవాటైన వ్యవహారం. దానికిక్కడ ఒక చట్టం, ఒక రెగ్యులేటరు ఉన్నాయి. మాల్దీవుల్లో కాగితం మీద ప్రభుత్వ సంతకం ఉంది, వెనకాల చట్టం లేదు. ప్రభుత్వం యస్ అన్నాక ఆ యస్‌ని కాదనగల కోర్టూ, పార్లమెంటూ, ఎన్నికా ఉన్నాయా అన్నది ఇంటి దగ్గర తేలిగ్గా తెలిసే సంగతి. సముద్రం దాటితే కనిపెట్టడం కష్టం. మన దగ్గరికొచ్చే జపాన్‌వాడికీ, అమెరికావాడికీ ఉండే టెన్షన్ సరిగ్గా ఇదే.

జపాన్‌వాడి ఉదాహరణ దూరంలో లేదు. 2019 జులైలో మన రాష్ట్రప్రభుత్వం గాలి, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలని తిరగదోడడానికి ఒక కమిటీ వేసింది. రేట్లు ఎక్కువన్న వాదనలో పస ఉండొచ్చు. కానీ అవి పాతికేళ్ల లెక్కన రాసుకున్న సంతకాలు, వాటిని చూపించే విదేశీ ఫండ్లూ బ్యాంకులూ అప్పులిచ్చాయి. జపాన్ రాయబారి ముఖ్యమంత్రికి ఉత్తరం రాసే దాకా వెళ్లింది. కోర్టులో మధ్యంతరంగా యూనిట్‌కి గాలికి 2.43, సౌరానికి 2.44 రూపాయలు కట్టమన్నారు. ఒప్పందం రేటే కట్టాలని హైకోర్టు డివిజన్ బెంచి చెప్పింది 2022 మార్చిలో. అంటే రెండున్నరేళ్ల పైన. భోగాపురం విమానాశ్రయానికి రెండు ప్రభుత్వాలు రెండుసార్లు, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఒకసారి శంకుస్థాపన చేసుకున్న సంగతి మనకి నవ్వులాట. బయటినుంచి చూసేవాడికి నవ్వు రాదు.

ఇంతవరకూ చెప్పింది మన తప్పు. దిద్దుకోవాలి. ఇక రెండో రకం.

రణస్థలం మండలం కొవ్వాడలో అమెరికా రియాక్టర్లతో అణువిద్యుత్ కేంద్రం అన్న మాట 2008 భారత–అమెరికా అణు ఒప్పందం తర్వాత మొదలైంది. మొదట జీఈ కంపెనీకి అన్నారు. 2016లో వెస్టింగ్‌హౌస్‌కి మారింది. ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు. నిజానికి ఇది నేరుగా వచ్చే విదేశీ పెట్టుబడి (ఎఫ్‌డీఐ) కాదు, విద్యుత్ కేంద్రం మన ప్రభుత్వ అణువిద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌దే, అవతలివాళ్లు యంత్రాలిచ్చేవాళ్లు. అయినా దేశాల మధ్య చట్టాల తేడా ఏం చేస్తుందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ తేడా ఇది. అణు ప్రమాదం జరిగితే బాధ్యత మొత్తం కేంద్రాన్ని నడిపేవాడిదేనని అంతర్జాతీయ ఒడంబడికలు చెబుతాయి. అమెరికాలో 1957 నాటి ప్రైస్–ఆండర్సన్ చట్టం కూడా సరఫరాదారు మీద భారం పడకుండానే ఏర్పాటు చేసింది. మనం 2010లో చేసిన పౌర అణు బాధ్యత చట్టంలో 17(బి) అని ఒక క్లాజు పెట్టాం. లోపమున్న పరికరం ఇచ్చినందువల్ల ప్రమాదం జరిగితే, నడిపేవాడు తాను కట్టిన పరిహారాన్ని సరఫరాదారు నుంచి రాబట్టుకోవచ్చని. నడిపేవాడి బాధ్యతకి 1500 కోట్ల రూపాయల పరిమితి వేరే ఉంది. సంఖ్యగా చూస్తే అమెరికన్ కంపెనీకి లెక్కలోకి రాని సొమ్మే. వాళ్లకి భయం వేసింది సొమ్ము వల్ల కాదు, ప్రపంచంలో దాదాపు ఎక్కడా లేని సూత్రం ఒకటి ఇక్కడ చట్టమై కూర్చున్నందుకు. ఇలాంటి చట్టం ఉన్నంతకాలం రిస్కు తీసుకోమని జీఈ అధినేత బహిరంగంగానే చెప్పాడు. ఈ భారం మోయడానికి 2015లో బీమా కంపెనీలతో ఉమ్మడి బీమా పూల్ పెట్టినా లాభం లేకపోయింది. వెస్టింగ్‌హౌస్ అయితే 2017 మార్చిలో దివాలా రక్షణ కోసం కోర్టుకే వెళ్లింది. దాని తప్పు మన చట్టం మీద వేయలేం.

మరి ఆ క్లాజు ఎందుకు పెట్టాం? 2010 జూన్ 7న భోపాల్ కోర్టు తీర్పొచ్చింది. 1984లో అన్ని వేల మంది పోయిన కేసులో ఇక్కడి అధికారులకి రెండేళ్ల శిక్ష, వెంటనే బెయిలు. యూనియన్ కార్బైడ్ 1989లో 47 కోట్ల డాలర్లు కట్టి చేతులు దులిపేసుకుంది, దాని అమెరికన్ అధిపతి విచారణకి రానేలేదు. ఆ తీర్పు వచ్చిన వేసవిలోనే పార్లమెంటులో అణు బాధ్యత బిల్లు మీద చర్చ నడుస్తోంది. దేశం మొత్తం ఊగిపోయింది. 17(బి) ఆ కోపంలోంచి వచ్చింది, దాన్ని అజ్ఞానమంటే నాకు ఒళ్లు మండుతుంది.

భోపాల్ దూరమనుకుంటే 2020 మే 7 చాలు. విశాఖ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయారు. మాతృసంస్థ కొరియాది. సరైన పర్యావరణ అనుమతి లేకుండానే 1997 నుంచి నడుపుతున్నామని ఆ కంపెనీయే అంతకు ముందు ఏడాది అఫిడవిట్‌లో రాసిచ్చింది. ఇక్కడ దూరం పెట్టుబడిని ఆపలేదు. ఇరవై రెండేళ్ల పాటు దానికి సుఖంగా ఉంది. వ్యవస్థల తేడా పెట్టుబడిదారుకి ఎప్పుడూ అడ్డంకేనని రాసేవాళ్లు ఈ మాట ఎందుకో రాయరు.

మన్యం సంగతి కూడా చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడి చేతి నుంచి బయటికి పోకూడదనే 1/70 చట్టం శ్రీకాకుళం గిరిజనోద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో, 1970లో వచ్చింది. ఊరికే ఇవ్వలేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కంపెనీకి గనుల లీజు కూడా కుదరదంది. అప్పుడు ప్రభుత్వాలు కనిపెట్టిన దారేమిటంటే, తవ్వేది సర్కారు సంస్థ ఏపీఎండీసీ, వాడుకునేది ప్రైవేటు కంపెనీ. ఆ లెక్కన 2007లో గల్ఫ్ ఎమిరేట్ రస్ అల్ ఖైమాతో విశాఖ మన్యం బాక్సైటుకి ఒప్పందం చేశారు. మాకవరపాలెంలో అన్‌రాక్ ఫ్యాక్టరీ లేచింది. కొండల్లో జనం ఒప్పుకోలేదు, బాక్సైటు రాలేదు. రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ రెండు దేశాల మధ్య ఉన్న పెట్టుబడి ఒడంబడిక కింద భారత ప్రభుత్వం మీద ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది. వాళ్ల దేశంలో పాలకుడు మాటిస్తే అయిపోయినట్టే. ఇక్కడ ముఖ్యమంత్రి మాట తర్వాత రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ఉంది, గ్రామసభ ఉంది, కోర్టు ఉంది. ఆ సంగతి చెప్పకుండా సంతకం పెట్టినవాళ్లది నా దృష్టిలో మోసం కిందికి వస్తుంది, గిరిజనులకీ, వచ్చిన పెట్టుబడిదారుకీ కూడా. సోంపేటలో 2010 జులైలో జరిగింది కూడా ఈ జాతిదే, కంపెనీ మనదేశానిది కావడం ఒక్కటే తేడా. సర్కారు బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటుకి యస్ అంది, బీల మీద బతికేవాళ్లు నో అన్నారు. వాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగిన రోజే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అనుమతి రద్దు చేసింది.

నా వాదన ఇప్పుడు చెప్పొచ్చు. కఠినమైన చట్టానికి పెట్టుబడిదారు ఒక ధర కట్టుకుని, రావాలో వద్దో తేల్చుకోగలడు. 1/70 ఉందని ముందే తెలిస్తే ఇంకోచోట చూసుకుంటాడు, అందులో ఎవరికీ నష్టం లేదు. తేలని కేసుకి ధర కట్టలేడు. ప్రపంచ బ్యాంకు 2020 నివేదికలో ఒక కాంట్రాక్టు తగాదా తేలడానికి మన దేశంలో 1445 రోజులు, సింగపూర్‌లో 164 రోజులు అని ఉంది. ఆ నివేదికల్లో అంకెలు తారుమారయ్యాయని 2021లో మొత్తం కార్యక్రమాన్నే ఆపేశారు కనుక దాన్ని వేదంలా పట్టుకోను. మన కోర్టు మెట్లెక్కినవాళ్లకి ఆ నివేదిక అవసరం కూడా లేదు.

వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ కోల్ ఇండియా మీద 2002లో ఆర్బిట్రేషన్ గెలిచి, ఆ డబ్బు రాబట్టుకోవడానికి మన కోర్టుల్లో తొమ్మిదేళ్లు తిరిగింది. 2011లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ ఆలస్యమే తప్పని భారత్ చేత పరిహారం కట్టించింది. మనం నేర్చుకున్న పాఠం ఏమిటో తెలుసా? కోర్టుల్ని వేగం చేయడం కాదు. 2016 నుంచి పాత పెట్టుబడి ఒడంబడికలని వరసగా రద్దు చేసి, విదేశీ పెట్టుబడిదారు అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కి పోయే ముందు అయిదేళ్లు ఇక్కడి కోర్టుల్లోనే తిరగాలని కొత్త నమూనా రాసుకున్నాం. 2024 యూఏఈ ఒడంబడికలో దాన్ని మూడేళ్లకి తగ్గించాం. ఆ మూడేళ్లలో మన కోర్టు తీర్పివ్వగలిగితే ఆ క్లాజుతో ఎవరికీ బాధ ఉండదు. మన రాష్ట్రంలో ప్రత్యేక వాణిజ్య కోర్టులు విశాఖలో, విజయవాడలో ఉన్నాయి. జడ్జీల్ని పెంచి, స్టెనోల్ని ఇచ్చి, వాయిదాలకి కళ్లెం వేస్తే అయ్యే ఖర్చు ఒక పెట్టుబడుల సదస్సుకి కట్టే ఫ్లెక్సీలూ, హోటల్ బిల్లులంత కూడా ఉండదేమో.

మనమేమో తిరగేసి చేస్తున్నాం. కోర్టులు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. రక్షణ మాత్రం తీసేశాం. 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి చట్టం పేరుతో పాత అణుశక్తి చట్టాన్నీ, 2010 బాధ్యత చట్టాన్నీ కలిపి రద్దు చేసింది. 17(బి) పోయింది. సరఫరాదారు మీదికి వెళ్లే హక్కు ఒప్పందంలో రాసుకుంటేనో, వాళ్లు కావాలని నష్టం చేస్తేనో తప్ప ఇక లేదు. అమెరికాకీ మనకీ ఉన్న ఆ దూరం ఒక్క ఓటింగుతో చెరిగిపోయింది. పెట్టుబడుల భాషలో ఇది సంస్కరణ. కొవ్వాడ తీరంలో వలేసుకునేవాడికి దీనివల్ల ఏం తగ్గిందో ఏ నాయకుడూ ఊళ్లోకి వచ్చి చెప్పలేదు.

కొవ్వాడ ఫైలు మళ్లీ కదులుతుంది, కదలకుండా ఉండదు. అప్పుడు భూమికి ఎంతిస్తారు, ఉద్యోగాలెన్ని అని అడగడం మనకి అలవాటే, అడుగుదాం. దాంతోపాటు ఎన్‌పీసీఐఎల్ ఆ కంపెనీతో రాసుకునే ఒప్పందాన్ని సంతకానికి ముందే తెలుగులో బయటపెట్టమని కూడా విజయనగరం ఎంపీ, ఎచ్చెర్ల ఎమ్మెల్యే అడగాలి. లోపమున్న పరికరానికి సరఫరాదారు డబ్బు కట్టాలన్న షరతు ఇప్పుడు ఆ కాగితంలో ఉంటేనే ఉన్నట్టు.